తాళం వేసిన బడి

వెలివాడ చదువుల చరిత్ర: 9వ భాగం



పోయిన భాగం ధార్వాడ కుర్రాడి దగ్గర ఆగింది. 1856లో ఒక మహర్ పిల్లవాడు అక్కడి సర్కారు బడిలో చేర్చుకోమని అర్జీ పెట్టాడు. బొంబాయి ప్రభుత్వం అతని మీద బోలెడు సానుభూతి ఒలకబోసింది కానీ చేర్చుకోలేదు. ఒక్కడి కోసం తలుపు తెరిస్తే మిగతా వాళ్లంతా వెళ్లిపోతారు, అప్పుడు ఆ బడి ఎవరికీ పనికిరాకుండా పోతుంది అన్నది వాళ్ల లెక్క. అది చదివి మా కాలేజీ పిల్లలు ఇద్దరు అడిగారు. "అయితే సార్, తెల్లదొరలు మన పిల్లల్ని ఏ సర్కారు బడిలోకీ రానివ్వలేదా?"

రానిచ్చారు. ఒక రకం బడిలోకైతే లాక్కెళ్లి మరీ కూర్చోబెట్టారు. ఈ భాగం దాని గురించే.

ధార్వాడ అర్జీ తిరగ్గొట్టిన మరుసటి ఏడాదే, 1857లో, అదే బొంబాయి ప్రెసిడెన్సీలో నేరం చేసిన పిల్లల కోసం ఒక సంస్థ మొదలైంది. డేవిడ్ ససూన్ అనే బాగ్దాదీ యూదు వ్యాపారి పేరు మీద ఇప్పటికీ ఉంది. ధార్వాడ బడిలోకి అర్జీ పెట్టుకున్నా రానివ్వలేదు. ఈ రెండో రకం బడికి అర్జీతో పనిలేదు, మేజిస్ట్రేటే పంపిస్తాడు.

పక్కపక్క సంవత్సరాల్లో జరిగిన ఈ రెండు సంగతుల్నీ ఒకే పేజీలో పెట్టి చూడండి. చరిత్ర పుస్తకాల్లో ఒకటి విద్యాభివృద్ధి అధ్యాయంలో ఉంటుంది, ఇంకోటి జైళ్ల సంస్కరణ అధ్యాయంలో ఉంటుంది. రెంటినీ కలిపి చదివే అలవాటు మనకు ఎవరూ నేర్పలేదు. అక్షరం కావాలని వచ్చిన పిల్లవాడికి మూసేసిన తలుపు ఒకటి, పని చేయించడానికి పట్టుకొచ్చిన పిల్లవాడి మీద మూసేసిన తలుపు ఒకటి. రెండు తలుపులకూ "స్కూలు" అనే బోర్డే ఉంది.

ఇక చట్టాలు చూద్దాం. కాస్త ఓపిక పట్టండి, అసలు సంగతంతా వాటి సెక్షన్లలోనే దాక్కుని ఉంది.

మొదటిది 1850 నాటి అప్రెంటిసుల చట్టం. పదేళ్లు దాటి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని ఏదో ఒక పని నేర్చుకోవడానికి యజమానికి ఒప్పంద పత్రం మీద అప్పగించవచ్చు. గడువు ఏడేళ్ల దాకా ఉండొచ్చు. తండ్రి అప్పగించవచ్చు, తండ్రి లేకపోతే మేజిస్ట్రేటే సంరక్షకుడిగా నిలబడి అప్పగించవచ్చు. అనాథలు, దిక్కులేని పేద పిల్లలు, దేశదిమ్మరిగా తిరిగారనో చిల్లర దొంగతనం చేశారనో పట్టుబడ్డ పిల్లలు అందరూ ఒకే గాటన. జీతగాడు అనే మాట మన పల్లెల్లో కొత్తదేం కాదు. దానికి స్టాంపు పేపరు తెచ్చి పెట్టింది మాత్రం ఈ చట్టం.

1864లో కొరడా దెబ్బల చట్టం వచ్చింది. చిన్నపిల్లల నేరాలకు జైలు బదులు దెబ్బలు వేయొచ్చు అంది. దాని మీద ఎక్కువ రాయను. దెబ్బలకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

1876లో రిఫార్మేటరీ స్కూళ్ల చట్టం వచ్చింది, 1897లో దాన్ని తిరగరాశారు. ఈ 1897 చట్టమే ముఖ్యం. జైలుశిక్ష గానీ ద్వీపాంతరవాసం గానీ పడదగిన నేరం చేసిన మగపిల్లవాడు, వయసు పదిహేనేళ్ల లోపు ఉంటే, జైలుకు బదులు అతన్ని ఈ బడికి పంపవచ్చు. మూడేళ్లకు తక్కువ కాకుండా, ఏడేళ్లకు మించకుండా. గమనించండి, జైలయితే నెలల్లో అయిపోయే శిక్ష, "బడి" అనేసరికి ఏళ్లయింది. చదువు పేరు చెప్తే నిర్బంధం పొడుగవుతుంది. ఇక ఆడపిల్లలు ఈ చట్టంలో లేనే లేరు.

ఆ బడికి ఏమేం ఉండాలో చట్టమే చెప్పింది. రాత్రిపూట పిల్లల్ని విడివిడిగా ఉంచే వీలుండాలి. పారిశుధ్యం, నీళ్లు, తిండి, బట్టలు, పక్కలు ఉండాలి. చేతిపనుల్లో శిక్షణ ఇచ్చే ఏర్పాట్లు ఉండాలి. జబ్బు చేస్తే పడుకోబెట్టడానికి ఒక చోటుండాలి. అంతే. నేను తెలుగు పంతుల్ని కాబట్టి ఆ జాబితాలో లేనిది నాకు ముందు కనపడింది. పలక లేదు, పుస్తకం లేదు, అక్షరం మాటే లేదు. స్కూలు అని పేరు పెట్టిన చట్టంలో, ఆ స్కూలుకు ఉండి తీరాల్సిన వాటిలో, చదవడం రాయడం లేదు. ఆ బడుల్లో రోజూ కాసేపు పాఠాలు చెప్పలేదని నేను అనడం లేదు. చెప్పారు. కానీ అది అధికారి దయ, షరతు కాదు. చేతిపని మాత్రం షరతు.

ఇంకో సెక్షను కూడా చూడండి. పద్నాలుగేళ్లు నిండిన పిల్లవాణ్ణి, ఏదో ఒక పనిలో పెట్టి ఉంచుతానని ఒప్పుకున్న "పెద్దమనిషి" దగ్గరికి లైసెన్సు మీద పంపవచ్చు. అప్రెంటిసుగా కూడా అప్పగించవచ్చు. 1850 నాటి చట్టం వెనక వాకిలి గుండా మళ్లీ లోపలికొచ్చిందన్న మాట.

ఈ పిల్లలకు ఎంత చదువు చెప్పాలి, ఎంత దాటితే ఎక్కువవుతుంది అని తెల్ల అధికారులు కొట్టుకున్న తర్జనభర్జనల మీద సతద్రు సేన్ "కలోనియల్ చైల్డ్‌హుడ్స్" అనే పుస్తకం రాశారు. 2005లో వచ్చింది. దొరికితే చదవండి. వాళ్ల భయం మనకు బాగా తెలిసిన భయమే. చదువుకుంటే వీడు మళ్లీ ఆ పనికి వంగడు. మా ఊరి కామందులకు అదే మాట చెప్పడానికి ఇంగ్లీషు అక్కర్లేకపోయింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఇలాంటి బడి 1887లో చెంగల్పట్టులో పెట్టారు. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసులోనే కదా. కర్నూలు దగ్గర కోడిని దొంగిలించి దొరికిన పిల్లవాణ్ణి అక్కడికి పంపితే, వాడి అమ్మ వాణ్ణి చూడాలంటే ఎన్ని రోజులు నడవాలో, వాడి చుట్టూ ఉండే మాట ఏ భాషో ఒకసారి ఊహించండి.

ఇప్పటిదాకా చెప్పింది నేరం చేసి దొరికిన పిల్లల సంగతి. ఏ నేరమూ చేయని పిల్లల సంగతి ఇక్కడి నుంచి మొదలవుతుంది.

1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చిందని మీకు తెలుసు. కొన్ని జాతుల్ని, కులాల్ని మొత్తంగా నేరస్తులని ప్రకటించే చట్టం. మొదట ఉత్తరాదిలో. 1897లో దానికి ఒక సవరణ చేశారు. నాలుగేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే రిఫార్మేటరీ సెటిల్మెంట్లలో పెట్టవచ్చని. నాలుగేళ్లు! అంగన్‌వాడీకి వెళ్లే వయసు.

1911లో ఆ చట్టాన్ని మళ్లీ రాసి మద్రాసుకు కూడా తెచ్చారు. అందులో పిల్లల మీద ప్రత్యేకంగా ఒక సెక్షను ఉంది. దాని శీర్షికలోనే అంతా ఉంది: పిల్లల్ని బడుల్లో పెట్టే అధికారం, అప్రెంటిసులుగా అప్పగించే అధికారం. ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్ల లోపు ఉన్న పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ బడుల్లో ఉంచవచ్చు. మరి ఆ బడి పెద్దకు పిల్లల మీద ఏ అధికారం? దానికి చట్టం ఒక అడ్డదారి తొక్కింది. 1897 రిఫార్మేటరీ చట్టంలోని లైసెన్సు, అప్రెంటిసు సెక్షన్లు ఈ పిల్లలకు కూడా వర్తిస్తాయి, వీళ్లను కూడా ఆ చట్టంలో చెప్పిన బాల నేరస్తులే అనుకుని వర్తింపజేయాలి అంది.

"అనుకుని." ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వ్యాకరణంలో ఉత్ప్రేక్ష అని పాఠం చెప్తాం. ఒకదాన్ని ఇంకొకటిగా ఊహించడం. ముఖం చంద్రుడా అన్నట్టు ఉంది అంటాడు కవి. చట్టం కూడా ఉత్ప్రేక్ష రాసింది. ఏ నేరమూ చేయని ఆరేళ్ల పిల్లవాణ్ణి నేరస్తుడిగా ఊహించింది. కవి ఊహకు ఎవరికీ ఏమీ కాదు. చట్టం ఊహిస్తే పిల్లవాడు అమ్మ ఒళ్లోంచి పోతాడు.

మన తెలుగు నేల మీద ఈ చట్టం ఎక్కువగా పడింది ఎరుకల మీద. వాళ్లు ఎవరు? ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి లోపలి ఊళ్లకు తిరిగిన వర్తకులు. బుట్టలు అల్లేవాళ్లు. వాళ్ల ఆడవాళ్లు ఎరుక చెప్పేవాళ్లు. ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది. రైలు వచ్చి సరుకంతా పట్టాల మీదికి ఎక్కింది. అడవి చట్టాలతో వెదురు, మేత కష్టమయ్యాయి. 1876-78 కరువు మిగిలిన ప్రాణం తీసింది. బతుకు పోగొట్టినవాడే ఆ తర్వాత వచ్చి, నీకు బతుకుతెరువు లేదు కనక నువ్వు దొంగవి అన్నాడు. ఈ కథనంతా మీనా రాధాకృష్ణ "డిజానర్డ్ బై హిస్టరీ" అనే పుస్తకంలో దస్తావేజులతో సహా చూపించారు.

ఒక చిన్న పక్కమాట. ఎరుక అంటే తెలివిడి. తెలుసుకోవడం. ఒక జాతి పేరులోనే జ్ఞానం ఉంది. పద్మావతిని పెళ్లాడడానికి సాక్షాత్తూ వేంకటేశ్వరుడు ఎరుకలసాని వేషం కట్టాడని మన యక్షగానాలు ఆడాయి, జనం దండం పెట్టారు. దేవుడు వేస్తే వేషం. ఎరుకలసానికి పుట్టిన పిల్లవాడైతే రిజిస్టరులో వేలిముద్ర.

1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్ట్ పేరది. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. ఆ సంస్థకు ఈ దేశంలో పెద్ద దిక్కు బూత్ టక్కర్, ఒకప్పటి ఐసీఎస్ అధికారి. నేరం అనే జబ్బును నయం చేసే శాస్త్రం అంటూ "క్రిమినోక్యూరాలజీ" అని ఒక పేరే పుట్టించాడు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో ఇంకో సెటిల్మెంటు, అక్కడ రాళ్లు కొట్టే పని. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను చేతిలో ఇంకోటి. స్టువర్టుపురం మనుషులు చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా వెళ్లారు. సంస్కరణ జరుగుతున్న చోట్ల పక్కనే ఎప్పుడూ ఒక క్వారీయో ఒక ఫ్యాక్టరీయో ఉండటం యాదృచ్ఛికం అని ఎవరైనా అంటే, వాళ్లతో నేను వాదించను. ఒక్కసారి మ్యాపు చూడమంటాను.

ఈ సెటిల్మెంట్లన్నిటిలో బడి ఉంది. పెద్దవాళ్లు హాజరు వేయించుకోకుండా, పాసు లేకుండా ఊరు దాటకూడదు. పిల్లలు బడి దాటకూడదు. తల్లి పారిపోకుండా ఉండటానికి బిడ్డ బడిలో ఉండటం ఎంత బాగా పనికొస్తుందో మీకు వేరే చెప్పాలా?

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. మన వాళ్లలో కొందరికి ఇది నచ్చదు. మిషన్ బడులు లేకపోతే మనలో చాలామందికి అక్షరం లేదు. మా తాతకు "అ" దిద్దించింది మాదిగపల్లెలో చెట్టు కింద నడిచిన మిషన్ బడే. ఆ బడికి ఆయన తన కాళ్లతో వెళ్లాడు, సాయంత్రం తన కాళ్లతో ఇంటికొచ్చాడు. పల్లెలోని బడి, సెటిల్మెంటులోని బడి, రెంటినీ క్రైస్తవులే నడిపి ఉండొచ్చు, ఒకే పాటలు పాడించి ఉండొచ్చు. కానీ ఒకదానికి ఊరు అడ్డుపడింది, రెండోదానికి పోలీసు కాపలా కాశాడు. సెటిల్మెంటు బడిలో చదివి కూడా ఎరుకల ఇళ్లలో మొదటి తరం అక్షరాస్యులు తయారయ్యారు. టీచర్లయ్యారు, ఉద్యోగులయ్యారు. అది వాళ్ల గొప్ప. ఇనుపకంచె పుణ్యం కాదు. ఆ గొప్పను తీసుకెళ్లి కంచె ఖాతాలో జమ వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

తెలుగు సాహిత్యం దీన్ని ఎక్కడ చూసింది? ఉన్నవ లక్ష్మీనారాయణ "మాలపల్లి"లో చూసింది. 1922లో అచ్చయిన నవల, జైల్లో కూర్చుని రాసిన నవల, మద్రాసు ప్రభుత్వం నిషేధించిన నవల. అందులో జైలు ఉంది, సెటిల్మెంటు ఉంది, చివరకు విజయ కళాశాల ఉంది. గాంధేయం గురించి, భాష గురించి వందల పేజీల విమర్శ వచ్చింది. నిర్బంధానికీ చదువుకీ మధ్య ఆ నవల గీసిన దారి మీద మా శాఖల్లో ఎంత తక్కువ మాట్లాడతామో! నా పరిశోధన రోజుల్లోనే అది నన్ను తొలిచేది. మరి స్టువర్టుపురం పేరు తెలుగువాళ్లకు ఎలా తెలుసు? 1991లో చిరంజీవి సినిమాతో తెలుసు. 2023లో రవితేజ "టైగర్ నాగేశ్వరరావు"తో తెలుసు. ఆ ఊరి దొంగ మీద రెండుసార్లు టికెట్టు కొన్నాం. ఆ ఊరి బడి మీద ఒక్క సినిమా నాకు కనపడలేదు.

అంబేడ్కర్‌కి ఈ సంబంధం తెలుసు. 1928లో బొంబాయి ప్రభుత్వం అణగారిన వర్గాల, ఆదివాసీల స్థితిగతులు చూడమని ఒక కమిటీ వేసింది. బాబాసాహెబ్ అందులో సభ్యుడు. అధ్యక్షుడు స్టార్ట్ అనే అధికారి. ఆయన ఉద్యోగం ఏమిటో తెలుసా? క్రిమినల్ ట్రైబ్స్ సెటిల్మెంట్ ఆఫీసరు. మన బడి సమస్యను విచారించడానికి సర్కారుకు దొరికిన నిపుణుడు సెటిల్మెంట్ల అధికారి! వెలివాడ, సెటిల్మెంటు, రెండూ ఒకే బల్ల మీది ఫైళ్లు అని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఎందుకు? ఎస్సీలు వేరు, ఎస్టీలు వేరు, డీనోటిఫైడ్ వాళ్లు వేరు అని మనం మనం కొట్టుకుంటున్నప్పుడు ఆ బల్లను గుర్తుచేసుకోవాలనిపిస్తుంది.

1920లో మద్రాసు పిల్లల చట్టం వచ్చింది. దేశంలో మొట్టమొదటి పిల్లల చట్టం. బెంగాలు 1922లో, బొంబాయి 1924లో వెనకాల వచ్చాయి. రిఫార్మేటరీ పేరు పోయి "సర్టిఫైడ్ స్కూలు" అయింది. ఆ తర్వాత కాస్త పెద్ద పిల్లలకు, ఇంగ్లండులోని ఒక పల్లె పేరు మీద బోర్స్టల్ స్కూలు. మాటలు మెత్తబడ్డాయి. మన అమ్మలు మాత్రం ఏ పేరునూ పట్టించుకోలేదు. "అల్లరి చేస్తే పిల్లల జైల్లో వేయిస్తా" అనే అన్నారు. సర్కారు దాచిన సంగతిని అమ్మలు ఉన్నదున్నట్టు అనువాదం చేసుకున్నారు.

1947లో మద్రాసు ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. వెంటనే అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చి దాని కుర్చీలో కూర్చున్నాయి. ఆ కుర్చీ ఎంత గట్టిదంటే, 2024 అక్టోబరులో సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పేదాకా జైళ్ల మాన్యువళ్లలో కులాన్ని బట్టి పని పంచే రూళ్లు, సంచార జాతులను పుట్టు దొంగలుగా చూసే రూళ్లు ఉంటూనే ఉన్నాయి.

పిల్లల విషయంలో 1986 ముఖ్యమైన ఏడాది. పాత్రికేయురాలు షీలా బర్సే వేసిన కేసులో, పిల్లల్ని జైళ్లలో ఉంచొద్దని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అదే ఏడాది దేశమంతటికీ కలిపి జువైనల్ జస్టిస్ చట్టం వచ్చింది. తర్వాత 2000లో ఒకటి. ఇప్పుడు నడుస్తున్నది 2015 నాటిది. ఢిల్లీ ఘటన తర్వాత వచ్చిన కోపంలో పుట్టింది కనక, ఘోరమైన నేరాల్లో పదహారు దాటిన పిల్లల్ని పెద్దవాళ్లలా విచారించే వీలు ఇందులో పెట్టారు. టీవీ చర్చలన్నీ ఆ ఒక్క సెక్షను మీదే. మిగతా చట్టం చదివినవాళ్లు తక్కువ.

చదివితే ఆశ్చర్యం వేస్తుంది. 53వ సెక్షను ప్రకారం హోంలో ఉన్న ప్రతి పిల్లవాడికీ తగిన చదువు చెప్పాలి. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు విద్యాహక్కు చట్టం వర్తిస్తుంది. 1897లో లేని పలక 2015లో చట్టంలోకి వచ్చింది. మంచిదే, చిన్న విషయం కాదు. కానీ ఆ వయసు చూడండి. పద్నాలుగు. పట్టుబడుతున్న పిల్లల్లో అత్యధికులు పదహారు నుంచి పద్దెనిమిది మధ్య వాళ్లు. హక్కు అని గట్టిగా రాసింది లోపల తక్కువగా ఉన్నవాళ్లకు. ఎక్కువగా ఉన్నవాళ్లకు "తగిన" చదువు. ఎంతైతే తగినది? చెంగల్పట్టు నాటి ప్రశ్నే కదా ఇది.

నేను కొంతకాలం ఒక హోంలో పదో తరగతి పిల్లలకు తెలుగు చెప్పడానికి ఆదివారాలు వెళ్లాను. ఊరు చెప్పను, సంవత్సరం చెప్పను. పిల్లల గుర్తులు బయటపెట్టొద్దని 74వ సెక్షను అంటుంది. అనకపోయినా చెప్పకూడదు. ఒకే గది. ఏడో తరగతిలో మానేసినవాడు, ఇంటరు చదువుతున్నవాడు, సంతకం మాత్రం వచ్చినవాడు, అందరూ ఒకే చాప మీద. విచారణ నాలుగు నెలల్లో ముగించాలని చట్టం. పోయిన వారం ఉన్నవాడు ఈ వారం బెయిలు మీద పోతాడు, కొత్తవాడు వస్తాడు. ఛందస్సు సగంలో ఉండగా సగం తరగతి మారిపోతుంది. పక్క గదిలో కుట్టుమిషన్లు మాత్రం వరసగా, శుభ్రంగా, నూనె వేసి ఉండేవి.

అందులో ఒక కుర్రాణ్ణి ఫిబ్రవరిలో తీసుకొచ్చారు. మార్చిలో పదో తరగతి పరీక్షలు. హాల్‌టికెట్టు బడిలో ఉంది. బడికి హాజరు తగ్గిందని హెడ్మాస్టరు అభ్యంతరం. పరీక్షకు తీసుకెళ్లాలంటే బోర్డు ఆర్డరు కావాలి. ఆర్డరు వచ్చాక వెంట వెళ్లడానికి మనిషి కావాలి. ఆ మనిషి యూనిఫాంలో వస్తే పరీక్ష హాల్లో అందరికీ తెలిసిపోతుంది. పిల్లలతో వ్యవహరించేటప్పుడు వీలైనంతవరకు మామూలు బట్టల్లో ఉండాలని నిబంధనల్లో ఉందని చెప్తే, "ఉంటుంది సార్, నిబంధనల్లో అన్నీ ఉంటాయి" అన్నారు. వాళ్ల నాన్న హమాలీ. కూలి మానుకుని బడికీ హోముకీ బోర్డుకీ నాలుగు రోజులు తిరిగాడు. ప్రతిచోటా "రేపు రా అయ్యా" అన్నారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కాగితం తక్కువైంది, అంతే.

ఆర్డరు మొదటి పరీక్ష అయిపోయిన సాయంత్రం వచ్చింది. మొదటి పరీక్ష ఏమిటో మీకు తెలుసు. తెలుగు.

మిగతా పేపర్లన్నీ రాశాడు. తెలుగు సప్లిమెంటరీలో రాశాడు, అప్పటికి బెయిలు మీద బయట ఉన్నాడు. నాకు ఫోన్ చేసి "సార్, వ్యాసం బాగా రాశాను" అన్నాడు. పాసయ్యాడు. టీసీ తెచ్చుకోవడానికి మాత్రం బడికి వెళ్లనన్నాడు. వాణ్ణి తీసుకెళ్లిన రోజు జీపు బడి గేటు దాకా వచ్చింది, పిల్లలంతా కిటికీల దగ్గరే ఉన్నారు. చివరకు వాళ్ల నాన్నే వెళ్లి తెచ్చాడు.

కేసు ముగిసిన పిల్లవాడి రికార్డును పోలీసులు క్యారెక్టర్ సర్టిఫికెట్టు కోసం కూడా బయటపెట్టకూడదని అదే 74వ సెక్షను అంటుంది. చట్టం అంత మర్యాదగా ఉంది. కానీ బడి కిటికీలకు ఏ సెక్షనూ లేదు.

ఆ గదిలో ఎవరు ఏ కులం అని నేను ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. ఇంటిపేర్లు, ఊళ్లో ఇల్లు ఏ దిక్కున ఉంది, నాన్న చేసే పని, ఇవి చాలు మనకు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వేసే పట్టికల్లో పట్టుబడ్డ పిల్లల చదువు ఎంతో ఉంటుంది, తల్లిదండ్రుల దగ్గర ఉన్నారా, గూడు లేకుండా ఉన్నారా అనేది ఉంటుంది. కులం గడి ఉండదు. పెద్దవాళ్ల జైళ్ల లెక్కల్లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ గడులు ఉంటాయి. అంటే పిల్లవాడు హోంలో ఉన్నన్నాళ్లూ కులం లేనివాడు, పద్దెనిమిది దాటి జైలుకొస్తే కులం ఉన్నవాడు. పిల్లల మీద ముద్ర పడకూడదనే ఆ గడి పెట్టలేదని ఒక మిత్రుడు వాదించాడు. ఒక్కొక్క పిల్లవాడి విషయంలో ఆ మాట నిజమే. మొత్తం లెక్క విషయంలో అది నిజం కాదు. 1911లో కులాన్ని చూసి పిల్లల్ని ఏరుకున్న రాజ్యం, ఇప్పుడు ఏరడం లేదని చెప్పాలంటే లెక్క చూపించాలి. ఏ ఏ వాడల నుంచి పిల్లలు వస్తున్నారో పేర్లు లేకుండా వేయొచ్చు. వాళ్లలో ఎంతమంది హోంలో ఉండగా పరీక్ష రాశారో, ఎంతమంది బయటికొచ్చి మళ్లీ బడిలో చేరారో అదే పట్టికలో ఇంకో రెండు గడులు వేయొచ్చు. రెండు రాష్ట్రాల ఎస్సీ, ఎస్టీ శాసనసభ్యుల్లో ఒక్కరు అడిగినా సరిపోతుంది.

ఇంకో పని మనం చేసుకోగలిగింది. ప్రతి జిల్లాలో పదో తరగతి పరీక్షలకు నెల ముందు, హోంలో ఉన్న పరీక్ష రాయాల్సిన పిల్లల కోసం బోర్డుకు ఒక దరఖాస్తు పెట్టడం. లాయర్లు, లెక్చరర్లు, డిగ్రీ పిల్లలు కలిస్తే ఒక సాయంత్రం పని. దరఖాస్తు నమూనా తెలుగులో నేను రాసి పెట్టాను. కావాలన్న వాళ్లకు పంపిస్తాను.

10వ భాగం సెటిల్మెంటు బడుల్లో చదివినవాళ్ల జ్ఞాపకాల మీద రాయాలని ఉంది. స్టువర్టుపురం, సీతానగరం, కావలి, బిట్రగుంట వైపు మిత్రులారా, మీ ఇళ్లలో ఆ బడి చూసిన తాతలు, అవ్వలు ఉంటే ఈ వేసవిలోపు వాళ్ల దగ్గర కూర్చోండి. గంట కొడితే ఏం చేసేవాళ్లు, పలక ఎవరిచ్చారు, ఏ పాఠం ఇప్పటికీ నోటికి వస్తుంది, అమ్మను ఎప్పుడు చూడనిచ్చేవాళ్లు, ఇవి అడగండి. ఫోన్లో రికార్డు చేసి నాకు పంపండి. పేర్లు వాళ్లు చెప్పమంటేనే రాస్తాను.